కౌంటర్ దగ్గర అడిగే ఆ మూడు రూపాయలు ఎవరి దానం?

క్లుప్తంగా: పెద్ద రిటైల్ కంపెనీ పేరు మీద జరిగే సేవంతా ఒకే పద్దులోది కాదు. కొంత చట్టం ప్రకారం ఖర్చు పెట్టి తీరాల్సిన డబ్బు, కొంత కొనేవాళ్ల చిల్లర, కొంత అమ్ముడుపోని సరుకు, ఇంకొంత ఉత్త ప్రచారం. శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట్ల షాపు కనపడుతున్నా సేవ కనపడకపోవడానికి యాజమాన్యం పిసినారితనం కన్నా లెక్క కట్టే పద్ధతే పెద్ద కారణం.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా బజారు అంటే ఒకప్పుడు యజమాని పేరుతో పిలుచుకునే కొట్లే. ఊళ్లో తుఫాను నష్టం జరిగినా, అమ్మవారి పండగ వచ్చినా, ఎవరింట్లోనో ఆపరేషన్‌కి డబ్బు చాలకపోయినా చందా పుస్తకం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో అందరికీ తెలుసు. ఇప్పుడు రెండు పట్టణాల్లోనూ హెడ్డాఫీసు ఎక్కడో ఉన్న చైన్ షాపులు వచ్చాయి. గల్లాపెట్టె దగ్గర యజమాని ఉండడు, జీతానికి పనిచేసే కుర్రాడో అమ్మాయో ఉంటారు. చందా పుస్తకం తీసుకెళ్తే మేనేజర్ చాలా మర్యాదగానే "మెయిల్ పెట్టండి సార్" అంటాడు. ఆ మెయిల్ ఎటు పోతుందో తెలియదు. మరోపక్క అవే కంపెనీల ప్రకటనల్లో బడులు, ఆసుపత్రులు, మహిళా సాధికారత, కోట్ల రూపాయల అంకెలు కనిపిస్తుంటాయి. ఈ రెండూ నిజమే ఎలా అవుతాయన్నదే చాలామందికి అర్థం కాని సంగతి.

చట్టం అడిగే రెండు శాతం

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, వెనకటి మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దీన్నే అందరూ సీఎస్ఆర్ అంటున్నారు. ఆకలి, చదువు, ఆరోగ్యం, తాగునీరు, పర్యావరణం, గ్రామీణాభివృద్ధి లాంటి పనుల జాబితా ఒకటి చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది, ఖర్చు అందులోకే రావాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒక్కచోట. రెండు శాతం అమ్మకాల మీద కాదు, లాభం మీద. సరుకుల వ్యాపారంలో లాభం పల్చగా ఉంటుంది, అమ్మకాలే భారీగా ఉంటాయి. ఊరికే ఒక ఉదాహరణకి, వంద రూపాయల సరుకు అమ్మితే పన్ను కట్టకముందు ఐదు రూపాయలు మిగిలిందనుకుందాం. అందులో రెండు శాతం అంటే పది పైసలు. వంద రూపాయల బిల్లుకి పది పైసలు! అదే లెక్కన ఏడాదికి 30 కోట్ల అమ్మకాలున్న ఒక షాపు మీద లాభం కోటిన్నర, సీఎస్ఆర్ 3 లక్షలు. నెలకి పాతికవేలు. పండగ రోజు కిక్కిరిసిన షాపుని చూసి జనం ఊహించుకునే అంకెకీ ఈ అంకెకీ మధ్య ఉన్న దూరమే సగం అపోహలకి మూలం.

ఇంకో మెలిక కూడా ఉంది. మూడేళ్ల సగటు తీస్తే నష్టమే తేలిన కంపెనీకి ఖర్చు పెట్టాల్సిన బాధ్యతే లేదు. ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికి తెచ్చిచ్చే కంపెనీలు వేల కోట్ల టర్నోవర్ చూపిస్తూనే ఏళ్ల తరబడి నష్టాల్లో ఉండొచ్చు. అలాంటప్పుడు ఊళ్లో బేరం మొత్తం లాక్కుపోయినా చట్టం వాటిని పైసా అడగదు.

ఖర్చు పెట్టకుండా ఊరుకుంటే ఏమవుతుంది? 2021 జనవరి దాకా పెద్దగా ఏమీ అయ్యేది కాదు, ఎందుకు పెట్టలేదో నివేదికలో నాలుగు ముక్కలు రాస్తే సరిపోయేది. ఇప్పుడలా కాదు. నడుస్తున్న ప్రాజెక్టు డబ్బయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయాలి, కాకపోతే ఆరు నెలల్లో ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి లాంటి ప్రభుత్వ నిధికి జమ చేయాలి. తప్పితే జరిమానా. దీనివల్ల డబ్బు మిగిలిపోవడం తగ్గింది గానీ, మార్చి నెలాఖరుకి ఎలాగోలా ఖర్చు చూపించాలన్న తొందర పెరిగింది. ఆ తొందరలో కంపెనీ అప్పటికే తెలిసిన పెద్ద సంస్థకే చెక్కు రాస్తుంది తప్ప సోంపేటలోనో సాలూరులోనో ఎవరున్నారని వెతుక్కుంటూ రాదు.

డబ్బు ఇక్కడిదాకా ఎందుకు రాదు

సీఎస్ఆర్ లెక్క షాపువారీగా కట్టరు. దేశంలోని అన్ని బ్రాంచీల లాభం ఒకచోట కలిసి, ఆ మొత్తం మీద రెండు శాతం తీస్తారు. నిర్ణయం కంపెనీ బోర్డుది. పెద్ద చైన్లలో చాలావాటి బోర్డులు ముంబై, గురుగ్రామ్, బెంగళూరు లాంటి చోట్ల కూర్చుంటాయి. అవి చూసే బడి కూడా ముందు ఆ చుట్టుపక్కల బడే అవుతుంది. దేశం మొత్తం మీద సీఎస్ఆర్ ఖర్చులో మహారాష్ట్ర ఏటా మొదటి స్థానంలో ఉండటానికి ఇదీ ఒక కారణమే.

"కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి" అని చట్టంలో ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. కానీ 2021 ఆగస్టులో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణలో అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదని తేల్చేసింది. పైగా ఫ్యాక్టరీకైతే "చుట్టుపక్కల ప్రాంతం" అంటే ఏమిటో కళ్లకి కనపడుతుంది. వందల ఊళ్లలో షాపులున్న కంపెనీకి చుట్టుపక్కల అంటే దేశమంతా. అందుకే సీఎస్ఆర్ లెక్కల్లో "పాన్ ఇండియా" అనే పద్దు ఒకటి కనపడుతుంది, ఏ జిల్లాకి ఎంత వెళ్లిందో ఎవరూ తేల్చి చెప్పలేని పద్దు అది.

ఇక్కడే రాజాంతో పోల్చి చూడాలి. జీఎంఆర్ గ్రూపు వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు సొంతూరు అది. 2022 జిల్లాల విభజనకి ముందు శ్రీకాకుళంలో ఉండేది, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. ఆ గ్రూపు తరఫున వరలక్ష్మి ఫౌండేషన్ అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ, ఆసుపత్రి నడుపుతోంది. ఆ గ్రూపు పెద్ద ఆదాయం విమానాశ్రయాల నుంచి వస్తుంది, రాజాం బజారు నుంచి కాదు. అంటే డబ్బు ఎక్కడ పుట్టిందన్నదాని కంటే నిర్ణయం తీసుకునేవాళ్లకి ఏ ఊరితో బంధం ఉందన్నదే ఎక్కువ పనిచేసింది. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీల సంగతి ఇంకో రకం. అక్కడ నీళ్లు, గాలి, భూమి విషయంలో పక్క ఊళ్లతో రోజూ పని ఉంటుంది, ఊరు అడ్డం తిరిగితే ఫ్యాక్టరీ ఆగుతుంది. కాబట్టి ఊరిని పట్టించుకోక తప్పదు. బట్టల షాపుకో సూపర్ మార్కెట్‌కో ఈ రెండు బంధాల్లో ఏదీ లేదు, ఉన్నదల్లా కొనేవాళ్లతో బంధం. కొనేవాళ్లు చూసేది ధర. షాపు ఏ బడికి బెంచీలు ఇచ్చిందో చూసి కందిపప్పు కొనేవాళ్లు అరుదు.

రెండో అడ్డంకి ఇక్కడివైపుదే. కంపెనీ తన డబ్బుని సంస్థ ద్వారా ఖర్చు చేయించాలంటే ఆ సంస్థకి ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను రాయితీ) నమోదులు ఉండాలి. అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం దాఖలు చేసి రిజిస్ట్రేషన్ నంబరు కూడా తెచ్చుకోవాలి, దానిమీద చార్టర్డ్ అకౌంటెంటో అలాంటి అర్హత ఉన్న ఇంకొకరో డిజిటల్ సంతకం పెట్టాలి. ఉద్దానంలో కిడ్నీ రోగులని బండి మీద డయాలసిస్‌కి తీసుకెళ్లే కుర్రాళ్ల గుంపుకి ఇవన్నీ ఎక్కడివి? ఉంటే గింటే ఒక సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, ఒక వాట్సాప్ గ్రూపు. పని నిజంగా చేసేవాళ్ల దగ్గర కాగితాలు ఉండవు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాళ్లు చాలావరకు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటారు. విజయనగరం 2018లో నీతి ఆయోగ్ ప్రకటించిన ఆకాంక్ష జిల్లాల, అంటే అభివృద్ధిలో వెనకబడిన జిల్లాల జాబితాలో ఉంది, అలాంటి జిల్లాల మీద దృష్టి పెట్టమని కంపెనీలకి ప్రభుత్వం చెబుతూనే ఉంది. చెప్పడం వేరు, వచ్చిన డబ్బుని అందుకునే చెయ్యి ఊళ్లో ఉండటం వేరు.

మరి షాపు ప్రారంభం రోజున ఇచ్చే బహుమతులు, స్కూలు ఆటల పోటీలకి ఇచ్చే టీషర్టులు, చలివేంద్రం మీద కంపెనీ ఫ్లెక్సీ? అవి దాదాపు ఎప్పుడూ మార్కెటింగ్ పద్దులోవే. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కింద చెల్లదని నిబంధనల్లోనే ఉంది. అలాగని అవి పనికిరానివేం కాదు. మే నెలలో మజ్జిగ తాగినవాడికి అది ఏ పద్దులోదైతేనేం.

కౌంటర్ దగ్గర చిల్లర

ఇప్పుడు అసలు గందరగోళం. బిల్లు 487 రూపాయలు అయింది, "490 చేసి మూడు రూపాయలు డొనేషన్ ఇస్తారా?" అని అడుగుతారు. వెనక క్యూ ఉంది, పక్కన పిల్లాడు చాక్లెట్ కోసం మారాం చేస్తున్నాడు, మూడు రూపాయలకి కాదనడం బాగోదు. సరే అంటారు.

పైన వేసిన లెక్కనే దీనికి పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 487 రూపాయల మీద ఐదు శాతం లాభం 24 రూపాయల 35 పైసలు, అందులో కంపెనీ చట్టప్రకారం ఇవ్వాల్సింది సుమారు 49 పైసలు. అదే బిల్లు మీద కొన్నవాళ్లు ఇచ్చింది మూడు రూపాయలు. అంటే ఆ ఒక్క బిల్లు వరకు కంపెనీ కన్నా కొన్నవాళ్ల దానం ఆరు రెట్లు పెద్దది. చివర్లో ఫొటోలో చెక్కు అందించేది మాత్రం కంపెనీ.

ఇందులో మోసం ఉందని అనడానికి లేదు. ఆ డబ్బు కంపెనీ లాభంలోంచి పోయేది కాదు కాబట్టి రెండు శాతం లెక్కలోకి రాదు, కంపెనీ ఆదాయమూ కాదు. మధ్యలో చేతులు మారే సొమ్ము అంతే. నిజానికి ఇది కొత్త సంగతి కూడా కాదు. ఉత్తరాది వ్యాపారులు తరతరాలుగా పట్టీ మీద "ధర్మాదా" అని ఒక చిన్న మొత్తం వేసి కొనేవాళ్ల దగ్గర వసూలు చేసేవాళ్లు, దాంతో సత్రాలు, గోశాలలు, బడులు నడిచేవి. ఆ డబ్బు వ్యాపారి ఆదాయమా కాదా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో, 1970ల చివర్లో, అది దానం కోసం వేరుగా వసూలు చేసిన సొమ్మే గనక వ్యాపారి ఆదాయం కాదని కోర్టు చెప్పింది. మన వైపు సత్రాల చరిత్ర వెనక కూడా వర్తకుల పాత్ర పెద్దదే. సత్రాలు పోయినా, విజయనగరంలో అంబటి సత్రం జంక్షన్‌లా పేర్లు కొన్ని మిగిలాయి.

తేడా ఎక్కడంటే, పాత ధర్మాదాలో ఆ సొమ్ముతో కట్టిన సత్రం కళ్లెదుట ఉండేది. కౌంటర్‌లో ఇచ్చిన మూడు రూపాయలు ఏ సంస్థకి వెళ్లాయో బిల్లు మీద పేరు లేకపోతే కనుక్కోవడం కష్టం. కాబట్టి చూడాల్సింది ఆ ఒక్కటే: బిల్లు మీద దానం మొత్తం విడిగా ఉందా, తీసుకునే సంస్థ పేరు ఉందా. రెండూ లేకపోతే వద్దనడంలో తప్పేమీ లేదు. అడక్కుండానే బిల్లులో కలిపేస్తే తీయించుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో ఇదే పనిని ఇంకో రకంగా చేశారు. అక్కడ 2015 అక్టోబరు నుంచి పెద్ద షాపులు ప్లాస్టిక్ సంచికి 5 పెన్నీలు వసూలు చేయాలని చట్టం వచ్చింది. టెస్కో అనే సూపర్ మార్కెట్ ఆ సంచుల డబ్బుని ఆ ప్రాంతంలోని చిన్న చిన్న సంఘాలకి పంచడం మొదలెట్టింది. కొన్నవాళ్ల చేతికి నీలం రంగు బిళ్ల ఒకటి ఇస్తారు, తలుపు దగ్గర మూడు స్థానిక పనుల పేర్లతో డబ్బాలు ఉంటాయి, నచ్చినదాంట్లో బిళ్ల వేయాలి. ఎక్కువ బిళ్లలు పడ్డదానికి ఎక్కువ డబ్బు. అక్కడా డబ్బు కొనేవాళ్లదే, కానీ ఎవరికి ఇవ్వాలన్న మాట కూడా వాళ్లదే అయింది. అదే పద్ధతి ఇక్కడుంటే ఒక డబ్బా మీద బడికి మరుగుదొడ్డి, ఇంకోదాని మీద చెరువు పూడికతీత అని రాసి ఉండేవి, ఏది గెలుస్తుందో గానీ ఊళ్లో చర్చ మాత్రం గట్టిగా జరిగేది. అమెరికాలో టార్గెట్ కంపెనీది ఇంకో దారి. డేటన్ అనే పేరుతో ఉన్న రోజుల్లో, 1946 నుంచే, లాభంలో 5 శాతం సమాజానికి ఇస్తామని తనంతట తాను పెట్టుకున్న నియమం అది. చట్టం అడిగిందీ కాదు, కొనేవాళ్ల చిల్లరా కాదు.

అమ్ముడుపోని సరుకు పేదలకి ఇవ్వొచ్చు కదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. గడువు ఇంకా పది రోజులున్న బిస్కెట్లు, కాస్త నలిగిన అట్టపెట్టెలోని సబ్బులు, సీజన్ అయిపోయిన స్వెటర్లు. అనాథాశ్రమానికి ఇస్తే పుణ్యం, షాపుకి చోటు కలిసొస్తుంది. అయినా ఎందుకివ్వరు?

పన్ను లెక్క చూస్తే తెలుస్తుంది. షాపు సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని అమ్మినప్పుడు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటుంది. సరుకుని ఉచితంగా ఇచ్చేస్తే ఆ తగ్గింపు పోతుంది, తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. సీఎస్ఆర్ కోసం కొన్న సరుకు మీద కూడా ఆ తగ్గింపు లేదని 2023 అక్టోబరు 1 నుంచి చట్టంలోనే స్పష్టంగా రాసేశారు. పోనీ ఇచ్చిన సరుకు విలువ కట్టి సీఎస్ఆర్ ఖర్చుగా చూపించుకోవచ్చా అంటే, అదీ కుదరదు, సీఎస్ఆర్ అంటే డబ్బు ఖర్చు పెట్టడమేనని, వస్తువులకి వెలకట్టి చూపకూడదని 2021 వివరణ. ఉద్యోగులు సెలవు రోజున వెళ్లి సేవ చేసినా ఆ గంటలకి వెలకట్టకూడదు. అన్నిటికీ మించి చాలా సరుకుల్లో గడువు దగ్గరపడితే తయారీదారుకి తిరిగి పంపేసే ఒప్పందం ఉంటుంది. తిప్పి పంపితే డబ్బు వెనక్కి వస్తుంది, దానం చేస్తే పన్ను కూడా నెత్తిన పడుతుంది. ఏ మేనేజర్ అయినా ఏం చేస్తాడు?

తినే పదార్థాలకి భయం ఇంకోటి. తిన్నవాళ్లకి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత? మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి ఆహార భద్రత సంస్థ 2019లో నిబంధనలు తెచ్చింది, రికార్డు ఎలా ఉంచాలి, లేబుల్ మీద ఏం రాయాలి అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ పని చేసే పెద్ద సంస్థలు ఎక్కువగా మహానగరాల్లోనే ఉన్నాయి. వాళ్ల వ్యాను పాలకొండ దాకా రాదు. ఫ్రాన్స్‌లో 2016లో చేసిన చట్టం దీన్ని తలకిందులు చేసింది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్ తినడానికి పనికొచ్చే సరుకుని పాడుచేయకూడదు, సేవా సంస్థతో ఒప్పందం చేసుకోవాలి. పైగా ఆ దేశంలో దానం చేసిన సరుకు మీద కంపెనీకి పన్ను రాయితీ కూడా ఉంది. మన దగ్గర ఇటు బెత్తమూ లేదు, అటు బెల్లమూ లేదు.

తుఫాను వచ్చినప్పుడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అలాంటి వారంలో కావాల్సింది ప్రాజెక్టు రిపోర్టు కాదు, కొవ్వొత్తులు, బియ్యం, తాగునీటి సీసాలు, టార్పాలిన్లు. సరిగ్గా ఇవన్నీ పెద్ద రిటైలర్ గోదాములో ఉండేవే. సరుకు, లారీ, మనిషి మూడూ చేతిలో ఉన్న వ్యాపారం అది ఒక్కటే. సేవ పేరుతో బడులకి డిజిటల్ బోర్డులు ఇవ్వడం ఏ కంపెనీ అయినా చేయగలదు, తుఫాను మర్నాడు లారీ పంపడం మాత్రం అందరివల్లా కాదు.

విపత్తు సహాయాన్ని ఏడో షెడ్యూల్‌లో విడిగా చేర్చింది 2019లో, అంటే తిత్లీ అయిన మరుసటి ఏడాది. ఇక్కడ కూడా ఒక తికమక ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన విరాళం సీఎస్ఆర్ కింద లెక్కకి రాదు, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకి ఇస్తే వస్తుంది. 2020లో కోవిడ్ సమయంలో కేంద్రం ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి ముఖ్యమంత్రి సహాయ నిధికి చెక్కు ఇస్తున్న ఫొటో కనపడితే అది రెండు శాతంలోది కాదు, అంతకు మించి ఇచ్చిందని అర్థం. ఆ మేరకు కంపెనీకి మెచ్చుకోలు దక్కాల్సిందే.

లెక్కలోకి రాని సాయం

వీధి చివర కిరాణా కొట్టుకి సీఎస్ఆర్ లేదు, నివేదిక లేదు. అరువు పుస్తకం ఉంది. కూలి డబ్బులు వచ్చేదాకా, చేపల వేటకి గుజరాత్ వెళ్లిన మనిషి డబ్బు పంపేదాకా ఆ ఇంటికి బియ్యం, నూనె, చింతపండు ఇస్తూ ఉండటం కూడా సమాజానికి సాయమే, వడ్డీ లేని అప్పు అది. పైడితల్లి సిరిమాను పండగకి అన్నదానంలో ఎన్ని బస్తాలు ఎవరివో ఎక్కడా రాసి ఉండదు. చైన్ షాపు చవగ్గా ఇస్తుంది, అప్పుగా ఇవ్వదు. నెలజీతం ఉన్నవాళ్లు చవకని చూసి అటు మళ్లితే, ఆ రొక్కం బేరం మీద బతికే కిరాణా కొట్టు అరువు ఇచ్చే శక్తి తగ్గుతుంది. ఆ నష్టం ఏ కంపెనీ సేవా నివేదికలోనూ కనపడదు. అలాగని కిరాణా కొట్టుని దేవుణ్ని చేయక్కర్లేదు, అరువు ఇచ్చేచోట ధర కాస్త ఎక్కువే ఉంటుంది, తూకం మాట కూడా అందరికీ తెలిసిందే.

చైన్ షాపు వైపు నుంచి చూస్తే దానం కన్నా పెద్ద అంకె ఇంకోటుంది: కొనుగోళ్లు. పైన వేసిన ఉదాహరణలోని 30 కోట్ల షాపు తన సరుకులో వందకి రెండు రూపాయల విలువ మాత్రమే ఇక్కడి నుంచి కొన్నా, అది పలాస జీడిపప్పు కావచ్చు, పొందూరు ఖద్దరు కావచ్చు, మహిళా సంఘాల పచ్చళ్లు కావచ్చు, సుమారు 60 లక్షలు జిల్లాలోకి వస్తుంది. సీఎస్ఆర్ వాటా 3 లక్షలు. ఇరవై రెట్లు తేడా. అయితే ఇలా కొనడానికి కంపెనీ దగ్గర ఉన్న అడ్డంకులు మళ్లీ కాగితాలవే: ఆహార లైసెన్సు, బార్‌కోడ్, ప్రతి వారం ఒకే నాణ్యతతో ఒకే మొత్తం పంపగలగడం, నెలాఖరు దాటాక వచ్చే చెల్లింపు దాకా ఆగగల పెట్టుబడి. పలాస జీడి వ్యాపారులకి ఇది కొత్త కాదు. పది మంది ఆడవాళ్లున్న సంఘానికి మాత్రం మొదటి ఆర్డరే గండం. సరిగ్గా ఈ చోట సీఎస్ఆర్ డబ్బు పెట్టి, సంఘాలకి లైసెన్సులు ఇప్పించి, ప్యాకింగ్ నేర్పించడం చట్టప్రకారం కుదిరే పనే, జీవనోపాధి పెంచే పనులు ఏడో షెడ్యూల్‌లో ఉన్నాయి. కాకపోతే ఆ సరుకుని ఆ కంపెనీయే కొని లాభం చేసుకుంటే అది సేవా, వ్యాపారమా అన్న ప్రశ్న ఆడిటర్ దగ్గర వస్తుంది.

ముందు ముందు

షాపులు పెరుగుతాయి, అందులో సందేహం లేదు. లాభాలు పెరిగితే రెండు శాతం మొత్తమూ పెరుగుతుంది, కానీ నిర్ణయం జరిగే చోటు మారదు. మారగలిగేది ఇక్కడివైపు ఒక్కటే. కంపెనీ బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి, ఏ కంపెనీ దేనిమీద ఖర్చు పెడుతోందో ఎవరైనా చూడొచ్చు. చదువు మీద పెట్టే కంపెనీకి చెరువు అర్జీ పంపితే బుట్టలోకే వెళ్తుంది. సీఎస్ఆర్-1 నంబరు ఉన్న సంస్థ జిల్లాలో నాలుగు చిన్న సంఘాలని తన గొడుగు కిందకి తెచ్చుకోగలిగితే, అర్జీ జనవరిలో కాకుండా కొత్త ఆర్థిక సంవత్సరం బడ్జెట్ కట్టే ముందే హెడ్డాఫీసుకి చేరితే, షాపు మేనేజర్ చెప్పిన ఆ మెయిల్‌కి జవాబు వచ్చే అవకాశం కొంత ఉంటుంది.